కొక్కెం సాక్ష్యం

పోయినవారం మనం పోశన్నను కుర్చీలో కూర్చోబెట్టి, కుడిచెయ్యి పైకెత్తించి, నిజం తప్ప మరొకటి చెప్పనని ప్రమాణం చేయించి వదిలేశాం. వారమంతా పాపం అతని చెయ్యి గాల్లోనే ఉందా అని ఒకరిద్దరు పాఠకులు అడిగారు. లేదండీ, దించేశాడు. దించి ఆ చేత్తోనే చెమట తుడుచుకున్నాడు. ఏసీ గదిలో అంత చెమట ఎందుకు పట్టిందో ఈ వారం తెలుస్తుంది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెప్పేస్తాను. పోశన్నది జగిత్యాల జిల్లా, మెట్‌పల్లి దగ్గర పల్లె. దోహాలో రిగ్గర్ పని, అంటే గొలుసులతో, కొక్కేలతో బరువులు పైకెత్తే పని. నగేష్‌దీ ఆ ఊరే, ఆ కంపెనీయే, మెసైమీర్ లేబర్ క్యాంపులో ఆ గదే. పైగా నగేష్ చెల్లెలు రాణిని పోశన్నకిచ్చి చెయ్యాలని పెద్దలు మాట్లాడుకున్నారు. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకర్నొకరు "బావా" అనే పిలుచుకునేవాళ్ళు. నిరుడు ఒకనాడు పోశన్న గొలుసు లాగుతుండగా బరువులెత్తే చైన్ బ్లాక్ కొక్కెం పుటుక్కున విరిగింది. పైన వేలాడుతున్న ఇనుప పైపు వచ్చి నగేష్ కాలి మీద పడింది. నగేష్ చేతికర్రతో ఇంటికి చేరాడు. పోశన్న మాత్రం "రాణికి వేరే సంబంధం చూడుండ్రి" అని ఒక్క కబురు పంపి నోరు కుట్టేసుకున్నాడు. ఎందుకన్నది ఎవరికీ చెప్పలేదు. తప్పు చేసినవాడే ఇలా మొహం చాటేస్తాడని నగేష్ అనుకున్నాడు. ఇద్దరి మధ్యా మాట పోయింది. ఆ "బావా" అనే పిలుపూ పోయింది.

ఆ కొక్కెం తయారైంది అమెరికాలో. అందుకని నగేష్ తరఫున ఒహాయోలోని ఒక కోర్టులో దావా పడింది. తయారీలోనే లోపం ఉందని నగేష్ పక్షం అంటుంది. మా సరుకు మేలైనది, పనివాళ్ళే పాడుచేశారు అని తయారీ కంపెనీ అంటుంది. కొక్కెం విరిగినప్పుడు గొలుసు చేతిలో పట్టుకున్నవాడు పోశన్న ఒక్కడే కాబట్టి, ఇప్పుడు అందరి చూపూ అతని నోటి మీదే ఉంది.

ఇక లోపలికి పదండి.

అల్ దోహా అల్ జదీదాలో ఒక దర్జీ దుకాణం పైన ఉన్న లాయరు ఆఫీసు అది. కింద కుట్టుమిషన్లు నడిచినప్పుడల్లా పై గదిలో బల్ల సన్నగా వణుకుతుంది. అమెరికా కోర్టంటే బోను, నల్లకోట్లు, సుత్తి కొట్టే జడ్జి ఉంటారని పోశన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. ఇక్కడ అవేవీ లేవు. వాళ్ళ పద్ధతే అంత. అసలు విచారణకు ముందు రెండు పక్షాల లాయర్లూ సాక్షిని కూర్చోబెట్టి, అడగాల్సినవన్నీ అడిగి, ప్రతి మాటా టైపు చేయించి పెట్టుకుంటారు. ఆ పని ఇప్పుడు గోడ మీది పెద్ద తెరలో జరుగుతోంది. ఒక గడిలో నగేష్ లాయరు ఓల్సన్ మేడమ్ ఉంది. పక్క గడిలో తయారీ కంపెనీ లాయరు ప్రిచర్డ్, ఎప్పుడూ నవ్వు మొహమే. ఇంకో గడిలో తల ఎత్తకుండా టైపు చేసే అమ్మాయి. మరో గడిలో దుభాషి సునంద, ఏలూరు ఆవిడ, ఒహాయోలో స్థిరపడింది. చివరి గడిలో, తన ఇంట్లో నులకమంచం మీద, కర్ర ఒళ్ళో పెట్టుకుని నగేష్. దావా వేసినవాడు కాబట్టి వినే హక్కు అతనికుంది. చూస్తున్నది మాత్రం పోశన్న వైపు కాదు, పక్కన ఏ గోడ వైపో.

గదిలో పోశన్న పక్కనే, కెమెరాకు అందకుండా, బుర్హానుద్దీన్ కూర్చున్నాడు. నిజామాబాద్ మనిషి. పోశన్న పనిచేసే కంపెనీలోనే స్టోర్ కీపర్. క్యాంపు నుంచి పోశన్నను తన కార్లో తీసుకొచ్చి, దారిలో కరక్ చాయ్ తాగించి, ధైర్యం చెప్పి కూర్చోబెట్టాడు. సాక్షికి ఎవరూ ఏమీ అందించకూడదని సునంద ముందే చెప్పింది. అందుకని చాయ్ కప్పు కూడా అందించాలా వద్దా అని ఆయన చేత్తో పట్టుకునే ఉన్నాడు.

"సునందమ్మా, ఒక్కటి అడుగుత," అన్నాడు పోశన్న. "ఇది జైలుకు పంపే కేసు గాదు గద?"

పొద్దుట్నుంచి ఇదే ప్రశ్న. సునంద ఓపిగ్గా ఇంగ్లీషులోకి మార్చింది. ఓల్సన్ మేడమ్ కూడా ఓపిగ్గానే జవాబిచ్చింది. సునంద తిరిగి తెలుగులో చెప్పింది. "ఇది సివిల్ దావా అండీ. నష్టం ఎవరి వల్ల జరిగిందో తేల్చడానికి. క్రిమినల్ కేసు కాదు. కాకపోతే ప్రమాణం చేసి అబద్ధం చెబితే మాత్రం అది నేరమే అవుతుంది."

ఆ చివరి వాక్యం చెప్పకుండా ఉంటే బాగుండేది. పోశన్న మళ్ళీ చెమట తుడుచుకున్నాడు.

ప్రిచర్డ్ గొంతు సవరించుకుని తెర మీద ఒక ఫోటో పెట్టాడు. విరిగిన కొక్కెం. విరిగిన చోటు పెద్దదిగా కనిపిస్తోంది. సగం మేర ఇనుము బూడిద రంగులో మెరుస్తోంది. మిగతా సగం మీద పసుపు రంగు మరక.

"ఈ కొక్కెం విరిగిన రోజే రెండు ముక్కల్నీ సైటు సేఫ్టీ ఆఫీసరు సంచిలో వేసి సీలు చేశాడు. ఆ తర్వాత ల్యాబులోనే విప్పారు. కాబట్టి ఈ మరక అంతకు ముందే పడింది," అని ప్రిచర్డ్ అంటుంటే సునంద తెలుగులో చెబుతోంది. "ఇది ఇనుమును తినే రసాయనమని మా నిపుణుడి అభిప్రాయం. మీ పనివాళ్ళు ఈ కొక్కెం మీద ఏదో పోసి పాడుచేశారు. ఏం పోశారు? ఎవరు పోశారు?"

"అభ్యంతరం," అంది ఓల్సన్. "రుజువు కాని సంగతిని ప్రశ్నలో ఇరికిస్తున్నారు."

పోశన్న ప్రాణం లేచొచ్చింది. "మేడం వద్దంటున్నది గద. ఇంక నేను చెప్పకున్నా నడుస్తదా?"

"నడవదండీ," అంది సునంద. "తీర్పు చెప్పడానికి ఇక్కడ జడ్జి గారు లేరు కదా. అభ్యంతరం నమోదైంది. అయినా మీరు సమాధానం చెప్పాలి."

ఆ ఆఖరి రెండు వాక్యాలూ గుర్తుపెట్టుకోండి. అమెరికా వాళ్ళ ఈ పద్ధతి నాకు తెగ నచ్చింది.

పోశన్న తెర మీది పసుపు మరకను చూశాడు. అదేమిటో అతనికి తెలుసు. కొక్కెం విరిగిన రోజే, నగేష్‌ను అంబులెన్సులోకి ఎక్కించాక, కింద పడి ఉన్న ముక్కను చేతిలోకి తీసుకుని చూశాడు. ఇనుము లోపలిదాకా పసుపు. అది నిరుటి దసరా పసుపు.

మనవాళ్ళు దసరాకు పనిముట్లు పూజ చెయ్యకుండా ఉండరు. ట్రాక్టరు నుంచి కత్తెర దాకా అన్నీ కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కోస్తారు. దోహాలో సైటు మీద నిప్పు వెలిగిస్తే డ్యూటీ పోతుందని ఫోర్‌మన్ ముందే హెచ్చరించాడు. అందుకని పోశన్న, నగేష్ ఇద్దరూ బుర్హానుద్దీన్‌ను బతిమాలి స్టోరు గది తాళం తీయించుకున్నారు. కర్పూరం మానేశారు. అప్పుడే డబ్బాలోంచి తీసిన కొత్త చైన్ బ్లాకును బల్ల మీద పెట్టి, నీళ్ళతో కడిగి, పసుపు నీళ్ళు పోసి, నిమ్మకాయ పిండి, దండం పెట్టుకున్నారు. పసుపు నగేష్ ఇంటిదే, సొంత చేనులో పండింది. సెలవు నుంచి వస్తూ మూటగట్టి తెచ్చాడు. కలిపిందీ అతనే, పోసిందీ అతనే.

అక్కడుంది ఏడాది నోరు కుట్టేసుకోవడానికి కారణం. నిమ్మరసం, పసుపు కలిసి ఇనుమును తినేశాయని పోశన్న నమ్మాడు. అంటే నగేష్ తన చేతుల్తో, భక్తితో పోసిందే తన కాలు విరగ్గొట్టింది. ఆ మాట ఏ నోటితో చెబుతాడు? కాలు విరిగినవాడికి తప్పు కూడా నీదేనని చెప్పాలా? నన్నే తిట్టుకోనీ అనుకున్నాడు. తిట్టుకునే మనిషి ఇంటికి అల్లుడుగా ఎలా వెళతాడు? అందుకే రాణి సంగతీ వదులుకున్నాడు. పిచ్చివాడు. మంచివాడు కూడా.

"సాక్షి గారూ," అంది సునంద.

పోశన్న నగేష్ గడి వైపు ఒకసారి చూశాడు. "పోసిన సార్. నేనే పోసిన. నేనొక్కన్నే. ఇంకెవ్వలు లేరు."

"ఏం పోశారు?"

"పసుపు నీళ్ళు."

సునంద ఇంగ్లీషులో చెప్పింది. ప్రిచర్డ్ కనుబొమలు పైకెత్తాడు. "కూరలో వేసే పసుపా?"

"ఔ సార్. నిమ్మకాయ గూడ పిండిన."

నిమ్మకాయ మాట ఇంగ్లీషులోకి దిగగానే ప్రిచర్డ్ మొహం వెలిగిపోయింది. "అంటే యాసిడ్," అన్నాడు తాపీగా. ఓల్సన్ మేడమ్ కలం కింద పెట్టేసింది. ఈ సంగతి తన సొంత సాక్షి తనకే చెప్పలేదు మరి.

అప్పుడు చివరి గడిలోంచి కేక వినబడింది.

"అబద్ధం!"

నగేష్ మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. కర్ర కింద పడింది. ఏడాదిలో మొదటిసారి సూటిగా పోశన్ననే చూస్తున్నాడు.

"పసుపు పోసింది నేను! మా చేన్ల పసుపు, నా చేతులతోని కలిపిన. వీడు బొట్టు పెట్టిండు, గంతే. ఏం రా, ఒట్టేసి అబద్ధమాడుతున్నవా? ఇప్పుడే గద జైలని చెప్పింది ఆ మేడం!"

"నువ్వు ఊకో నగేషా. నీకెందుకు?"

"నాకెందుకేంది? నా కాలు రా అది!"

"అందుకనే ఊకోమంటున్న!"

కెమెరాకు అందకుండా ఉన్న మనిషి ఇక ఆగలేకపోయాడు. చాయ్ కప్పు బల్ల మీద పెట్టి, కుర్చీ జరుపుకుని తెర ముందుకు వచ్చేశాడు. "అరే, స్టోర్ తాళం తీసింది నేను! ఈ మియాలు అడిగిండ్రు, నేను తీసిన. నన్ను గూడ రాస్కోండి. బుర్హానుద్దీన్. జైలుకు పంపాల్నంటే నన్నే పంపుండ్రి."

టైపు చేసే అమ్మాయి రెండు చేతులూ ఎత్తేసి, ఒక్కొక్కరు మాట్లాడమని వేడుకుంది. దావాల్లో తప్పు నాది కాదని కొట్టుకునే మనుషుల్నే ఆ అమ్మాయి చూసి ఉంటుంది. నాదంటే నాదని కొట్టుకునే ముగ్గురిని చూడటం ఇదే మొదటిసారి. దీని మధ్యలో నగేష్ తల్లి ముత్తవ్వ తెరలోకి తొంగిచూసి, "పోశన్నా, మంచిగున్నవా బిడ్డా? దుబాయ్‌ల అన్నం దొరుకుతుందా? సిక్కిపోయినవ్," అంది. ఆవిడకు గల్ఫంతా దుబాయే.

ప్రతి మాటా నమోదు కావాలి కాబట్టి సునంద అదీ ఇంగ్లీషులో చెప్పింది. సాక్షి చిక్కిపోయాడన్న మాట కూడా అమెరికా కోర్టు కాగితాల్లోకి ఎక్కింది.

"నాకింక ప్రశ్నలు లేవు," అన్నాడు ప్రిచర్డ్. అతని కళ్ళకు కేసు అయిపోయింది. వాది స్వయంగా యాసిడ్ పోశానని ఒప్పుకున్నాడు.

నగేష్ మాత్రం వదల్లేదు. "చెప్పు. యాడాది నుంచి ఎందుకు దాచినవ్?"

పోశన్న బల్ల అంచు పట్టుకున్నాడు. "నీకెట్ల చెప్పాలె? ఇరిగినాడే చూసిన. ఇనుము లోపలిదాంక పసుపు దిగి ఉండె. నీ పసుపే దాన్ని తిన్నది. నువ్వు దండం పెట్టి పోసినవ్, అదే నీ కాలు తీసింది. నా తప్పనుకుంటే నన్ను తిడ్తవ్, తిట్టు. నీ తప్పని తెలిస్తే నువ్వేం గావాలె?"

నగేష్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. సునంద కూడా ఈ మాటలన్నీ ఇంగ్లీషులో చెప్పడానికి కాస్త ఎక్కువ సేపే తీసుకుంది.

ఓల్సన్ మేడమ్ ఉన్నట్టుండి కలం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు అడిగే వంతు ఆవిడది.

"లోపలిదాకా అన్నారు. లోపలే చూశారా?"

"ఔ మేడం. ఇరిగిన కాడ, నడిమిట్ల."

"దసరా రోజున ఈ కొక్కెం విరిగి ఉందా?"

"అయ్యో, లేదు. నిండు కొక్కెం. కొత్తది. బుర్హానుద్దీన్ భాయ్ డబ్బా ఇప్పి ఇచ్చిండు."

"పసుపు నీళ్ళు ఎక్కడ పోశారు?"

"పైన్నే పోసినం."

"గట్టి ఇనుము మీద పసుపు నీళ్ళు పోస్తే ఏమవుతుంది?"

"ఏమైతది మేడం? కారిపోతది. మిగిలింది పైన్నే ఎండుతది. గుడ్డతోని తుడిస్తే పోతది."

"మరి లోపలికి ఎలా వెళ్ళింది?"

కింద కుట్టుమిషన్ ఆగింది. బల్ల వణకడం మానేసింది. పోశన్న పక్క గోడను చూశాడు.

"గోడకు సున్నమేస్తె గూడ పైన్నే ఉంటది మేడం. లోపలికి పోదు. పగులున్న కాడ్నైతే..."

అక్కడ ఆగిపోయాడు. కళ్ళు పెద్దవయ్యాయి.

"పగులు! మేడం, పగులుండె! దసరా నాడే దాంట్ల పగులుండె! పసుపు దాన్ని తినలే, పగుల్లకు దిగింది!"

"దసరాకు ముందు ఆ కొక్కెంతో ఎన్ని బరువులు ఎత్తారు?" ఓల్సన్ గొంతులో ఉత్సాహం దాగడం లేదు.

"ఒక్కటి గూడ ఎత్తలే. పూజ గాకుండ కొత్త సామాను ముట్టం మేడం. మొదటి బరువు పూజ అయినంకనే."

"డబ్బా సీలు నేనే కోసిన," అని బుర్హానుద్దీన్ మళ్ళీ తెరలోకి వచ్చాడు. ఈసారి ఎవరూ ఆయన్ని కూర్చోమనలేదు.

అదండీ సంగతి. పగులు పైకి కనబడనంత సన్నగా ఉంది. అది ఫ్యాక్టరీ నుంచే వచ్చింది, సీలు వేసిన డబ్బాలో కూర్చుని సముద్రం దాటి వచ్చింది. మెట్‌పల్లి పసుపు దాన్ని పట్టుకుని, రంగు పూసి, ఆ గుర్తును లోపల దాచిపెట్టింది. ఇక మిగిలిన గట్టి సగం ఎన్నాళ్ళు మోస్తుంది? దీపావళి దాటాక ఒకనాడు తెగిపోయింది. నగేష్ పోసిన పసుపు నగేష్ కాలు తీయలేదు. నగేష్ తరఫున సాక్ష్యం రాసి పెట్టింది. ఏడాదిగా ఇద్దరు మనుషులు తలా ఒక మూల కూర్చుని మోసిన బరువు ఉత్తదేనని ఒక్క ప్రశ్నతో తేలిపోయింది. నాకైతే లేచి ఈల వెయ్యాలనిపించింది.

ప్రిచర్డ్ నవ్వు మొదటిసారి మాయమైంది. అతను ఫోటోను పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి చూసుకుంటున్నాడు. పసుపు ఉన్న సగం ఎక్కడ ఆగిందో, కొత్తగా తెగిన సగం ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు కనబడుతోంది.

అప్పుడు, ఏడాది తర్వాత, ఆ మాట వినబడింది.

"ఏం బావా," అన్నాడు నగేష్. "గింత మాట లోపల పెట్టుకుని యాడాది సంపితివి గద బావా నన్ను."

పోశన్న ఏడ్చేశాడు. నవ్వుతూ ఏడ్చాడు. ఇస్త్రీ చొక్కా చేతితోనే ముక్కు తుడుచుకున్నాడు. బుర్హానుద్దీన్ అతని భుజం మీద ఒక్కటి చరిచి, "బస్ మియా, బస్. బిల్కిస్ ఇంట్ల డబల్ కా మీఠా చేసి కూసుంది. నవ్వుకుంటనే పోదాం," అన్నాడు. బిల్కిస్ ఆయన భార్య. మదీనత్ ఖలీఫాలో వాళ్ళిల్లు. కేసు ఎలా పోయినా మిఠాయి చేస్తానని ఆవిడ పొద్దున్నే చెప్పిందట.

"ఒక్క నిమిషం," అన్నాడు ప్రిచర్డ్. లాయరు లాయరే. "ఇందాక వాది సాక్షిని ఏమని పిలిచాడు?"

"బావా అన్నారు. పెళ్ళి వల్ల కలిసే చుట్టరికం," అని సునంద చెప్పింది.

"సాక్షి వాదికి బంధువా?"

పోశన్న తలదించుకున్నాడు. "కావల్సినోన్ని సార్. కాలే."

"అయితే ఇదంతా మిత్రుల మాట మాత్రమే. దసరా రోజున ఆ పూజ నిజంగా జరిగిందనీ, అది ఈ చైన్ బ్లాకుకే జరిగిందనీ రుజువేమిటి? ఫోటో ఏదైనా ఉందా?"

పోశన్న బుర్హానుద్దీన్‌ను చూశాడు. బుర్హానుద్దీన్ పోశన్నను చూశాడు. స్టోర్లో దొంగచాటుగా చేసిన పూజకు ఫోటో ఎవరు తీస్తారు?

"నేను తీసిన," అన్నాడు నగేష్ మెల్లగా. "కొత్త సామాను, పసుపు, బొట్టు పెడుతున్న పోశన్న, అన్నీ పడ్డయి. సామాను మీది నంబరు పలక గూడ. కానీ నా ఫోను ఆ పైపు కిందనే నుజ్జయింది." మళ్ళీ తనే అన్నాడు, "దసరా నాడే రాణికి పంపిన. పిల్లగాడు ఎట్ల భక్తిగ బొట్టు పెడుతున్నడో సూడు అని."

అందరూ తెరలోని చివరి గడి వైపు చూశారు. అమెరికా వాళ్ళకు రాణి ఎవరో తెలియదు, అయినా వాళ్ళూ చూశారు.

తలుపు చాటునుంచి ఒక చెయ్యి వచ్చి నగేష్ పక్కన ఉన్న ముక్కాలిపీట లాక్కుంది. రాణి కూర్చుంది. ఎంతసేపట్నుంచి అక్కడుండి వింటోందో గానీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ఫోను ఉంది.

"ఫోటో ఉన్నది," అంది. "తీసెయ్యలే. తీసెయ్యాలని మస్తుసార్లు అనుకున్న. మనసు రాలే."

ఓల్సన్ మేడమ్ కుర్చీ ముందుకు జరుపుకుంది. "అది మాకు పంపగలరా?"

"పంపుత. ఇప్పుడే పంపుత. కానీ ముందు నాకొక సంగతి తెల్వాలె." రాణి ఫోనును ఒళ్ళో బోర్లించింది. "అమెరికా మేడం, ఈ పోశన్న ఇంక ఒట్టు మీదనే ఉన్నడు గద? అబద్ధమాడితే నేరమే గద?"

సునంద అడిగింది. ఓల్సన్ ఔనంది.

"అయితే మంచిది. గిసొంటి మోక నాకు మల్ల దొరకదు." రాణి తెరలోకి సూటిగా చూసింది. "పోశన్నా. రాణికి వేరే సంబంధం చూడుండ్రి అని కబురు పంపినవ్. ఆ మాట నీ మనసుల నుంచి వచ్చిందేనా? ఇప్పుడు గూడ గదే మాట మీద ఉన్నవా?"

సునంద ఆ ప్రశ్నను ఇంగ్లీషులోకి మార్చేటప్పటికి ఆవిడ గొంతులో దుభాషి మర్యాద కొంచెం తగ్గింది, ఆడబిడ్డ కుతూహలం కొంచెం పెరిగింది. టైపు చేసే అమ్మాయి వేళ్ళు అక్షరాల మీద ఆగి ఉన్నాయి. నగేష్ మీసం కింద నవ్వు దాచుకుంటున్నాడు. ముత్తవ్వ దాచుకోవడం లేదు.

"అభ్యంతరం!" అన్నాడు ప్రిచర్డ్. "ఈ అమ్మాయి లాయరు కాదు. ఆ ప్రశ్నకు ఈ దావాతో ఏ సంబంధమూ లేదు."

"సాక్షి బంధువా కాదా అని అడిగింది మీరే," అంది ఓల్సన్ మేడమ్. "తేల్చుకుందాం. అదే ప్రశ్న ఇప్పుడు నేను అడుగుతున్నాను."

ప్రిచర్డ్ ఏదో అనబోయి మానేశాడు. నిజం చెప్పాలంటే, అతనికీ తెలుసుకోవాలనే ఉంది.

పోశన్న దిక్కులు చూశాడు. బుర్హానుద్దీన్ సాక్షికి ఏమీ అందించకూడదన్న నియమం గుర్తొచ్చి, చాయ్ కప్పుతో మొహం కప్పేసుకున్నాడు. పోశన్న ఇంక గత్యంతరం లేక సునంద వైపు తిరిగాడు.

సునంద పొద్దుట్నుంచీ దాచుకున్న నవ్వు ఇప్పుడు దాచుకోలేదు.

"అభ్యంతరం నమోదైందండీ," అంది. "అయినా మీరు సమాధానం చెప్పాలి."

పోశన్న మైకు దగ్గరికి జరిగాడు. ఎవరూ అడక్కుండానే కుడిచెయ్యి మళ్ళీ పైకెత్తాడు.